మేం మెట్లుగా వేసిన బండలు

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు, గురువారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలనంటే, మణుగూరు పోయే బస్సు అప్పుడే మా మలుపులో హారన్ కొట్టింది. అది ఏడూ ఇరవైకే వస్తుంది. ఆ హారన్ చెవిన పడుతుండగా నేను కుడికాలు ఎత్తి, మా ఊరివాళ్లం కట్టిన ఆరిళ్లలో మొదటి ఇంటి ముందర, మెట్టుగా వేసిన బండ మీద పెట్టాను. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలామె ముందుకు వంగి నా కాలు రెండు చేతులతో పట్టుకుంది.

ఆమె నాకంటే పదేళ్లయినా పెద్దది. పెద్దవాళ్లు మన కాళ్లు పట్టుకుంటే మనకే కీడు. ఇల్లిచ్చినందుకు దండం పెడుతోందనుకున్నాను. మనసులో కాస్త గర్వం కూడా కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"లే అవ్వా, ఇదేం పని. నా కాళ్లెందుకు పట్టుకుంటవ్" అన్నాను.

ఆమె వదల్లేదు. నా ముఖం వైపు చూడనే లేదు. నా పాదాన్నే చూస్తోంది. మొలక మీద కాలు వేసిన దూడను పక్కకు జరిపినట్టు, మెల్లగా, నొప్పి కలగకుండా, నా కాలిని ఆ బండ మీద నుంచి పైకి ఎత్తుతోంది. అప్పుడు వెనక నుంచి ఆమె కోడలు అంది.

"కాలు తియ్యి పెద్దమ్మా. ఆడ మా మామ ఉన్నడు."

కాలు తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపు ఒంటికాలి మీదే నిలబడ్డాను.

ఆ ఇళ్లేమిటో, ఆ బండలేమిటో చెప్పకపోతే ఈ మాట ఎవరికీ అర్థం కాదు. మొదటి నుంచి చెప్తాను.

మా ఊరు పినపాక దాటాక, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను మిరపకాయ కోతలకు ముఠా కట్టే మనిషిని. ముప్పై ఏళ్లుగా అదే పని. చేనుగల రైతు కబురు పెడితే ఇరవై మందినో ముప్పై మందినో పోగుచేసి తీసుకుపోవాలి. ఏడెనిమిదేళ్ల కింద ఒక ఏడు మా ఊళ్లో చేతులు చాలక, వాగు అవతల అడవిలో ప్లాస్టిక్ కవర్లు కప్పుకున్న గుడిసెల్లో ఉంటున్న కోయవాళ్లను పనికి పిలిచాను. వాళ్లు మా రాష్ట్రం వాళ్లు కాదు. అడవికి ఆ పక్కన ఏళ్ల తరబడి యుద్ధం నడిచింది. రెండు దిక్కులా తుపాకులే. మధ్యలో ఊళ్లు కాలిపోయాయి. అట్లా కాలిన ఊరు నుంచి ఆరు కుటుంబాలు రాత్రుళ్లు నడిచి, పగలు దాక్కుని ఇటు వచ్చి పడ్డాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నాకు తెలిసింది ఒకటే. వాళ్లు కాయ కోస్తే చెట్టుకు కొమ్మ విరగదు.

వాళ్లలో తెలుగు పట్టుబడింది ఒక్క మనిషికే. ఆ ముసలామె చిన్నకొడుకు పెళ్లాం. మిరప సాళ్ల మధ్య నా పక్కనే వంగి కోస్తూ, మాట మాటా అడిగి నేర్చుకుంది. "దీన్నేమంటరు పెద్దమ్మా, దాన్నేమంటరు" అని ప్రాణం తీసేది. నేను అక్షరాలు నేర్చుకున్నదీ అట్లాగే, యాభై నాలుగో ఏట, అంగన్‌వాడీ గదిలో, చిన్నపిల్లల కుర్చీల్లో కూర్చుని. అందుకేనేమో ఆ పిల్ల మీద నాకు పాణం.

ఒక ఏడు వానాకాలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కవరు గుడిసె. మూడు రోజులు ముసురు. పైనుంచి కారుతుంటే తల్లి బిడ్డ మీద వంగి కూర్చుంది, అయినా బిడ్డ తడిసింది. నాలుగో రోజు బిడ్డ ఊపిరి ఎగపోస్తుంటే మంచానికి తాళ్లు కట్టి తల్లీబిడ్డల్ని మోసుకుంటూ వాగు దాటించారు. నేను రోడ్డు మీద ఆటో ఆపించి నిలబడ్డాను. ఆటో దాకా రానేలేదు బిడ్డ. వాగు ఇవతలి గట్టునే పోయింది. దవాఖానాకు పోవాల్సిన ఆటోను నేనే వెనక్కి పంపాను.

ఆ తర్వాత ఒక ఆదివారం మా గుడిలో, అదే చర్చిలో, ప్రార్థన అయ్యాక లేచి నిలబడి అడిగాను. "ఈసారి ఆ పిల్లకు మళ్లా కడుపొస్తే మళ్ల కవరు కిందనే కనాల్నా" అని. నాకు చుట్టుతిప్పి మాట్లాడటం రాదు. మా తోడికోడలు, "ఇంటికో పిడికెడు బియ్యం తీసినట్టే ఇంటికో రోజు పని తీద్దాం అక్కా" అంది. ప్రతి వంటకూ ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి ఆదివారం గుడికి తేవడం మా వాళ్ల అలవాటు. ఆమె చెప్పింది దాని లెక్కనే. గుడికి రానివాళ్లు కూడా కలిశారు. ట్రాక్టరు ఉన్న రైతు వాగుకు ఇవతల తన పట్టా చెలకలో ఒక మూల ఇచ్చాడు. ఆయన దేవుణ్ని నమ్మడు, నన్నూ పెద్దగా నమ్మడు.

"జాగ ఇస్త గని, పేరు నీది పెట్టుకోకు ముసలీ" అన్నాడు.

"నీ పేరు పెట్టుకుంటే ఇండ్లు నిలుస్తయా" అన్నాను.

గోడలు మట్టివి, పైన రేకులు. మట్టి తొక్కింది అందరం. తాపీ మేస్త్రి ఇల్లందు నుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చిన మనిషి. సింగరేణి క్వార్టర్లకు గోడలు లేపిన చేతులవి. మట్టి పని అంటే నామోషీ ఆయనకు.

"సిమెంటు తెప్పియ్యిండ్రి, వందేండ్లుంటది" అనేవాడు.

"నువ్వు అత్తగారింట్ల వందేండ్లుంటవ్ గని, పని చెయ్యి" అనేది మా తోడికోడలు.

వాళ్ల మగవాళ్లు కూడా మాతో సమానంగా పని చేశారు. ముసలామె చిన్నకొడుకు మరీనూ. మాట లేదు, మంతి లేదు, పొద్దుగూకేదాకా మట్టి మోసేవాడు. అప్పటికి ఆ పిల్లకు మళ్లీ ఆరో నెల. తొలకరి పడేలోపు ఆమె ఆ రేకుల కిందకు పోవాలి. నాకు ఆ ఏడు వేరే ఆలోచన లేదు. ఆమెకు కూడా చెప్పాను, ఈ బిడ్డ తడవదని. ఆమె తల ఊపింది.

చివరికి గడపల దగ్గర చిక్కొచ్చింది. మట్టి అరుగుల ఇళ్లు, వాన నీళ్లు పారితే గడప కింద మట్టి కోసుకుపోతుంది. ముందర ఒక బండ పరిస్తే కోసుకుపోదు, బురద కాళ్లు తుడుచుకోవడానికీ ఉంటుంది. బండలు ఎక్కడివని మేస్త్రి అడిగాడు. నేను చూపించాను. నేనే చూపించాను.

వాగు ఒడ్డున ఒక నల్లమద్ది చెట్టు ఉంది. దాని కింద పలక బండలు నిలబెట్టి ఉన్నాయి. ఎనిమిది పెద్దవి. కొన్ని మోకాలెత్తు, ఒకటి నడుమెత్తు. పశువులు రాసుకుని కొన్ని పక్కకు ఒరిగాయి. వాటి పక్కన అరచేతికంటే కొంచెం పెద్దది, నున్నటిది ఒకటి. ఎవరో ఎప్పుడో హద్దురాళ్లుగా తెచ్చి వదిలేశారనుకున్నాను. మా సమాధుల తోటలో ప్రతి సమాధి మీదా పేరుంటుంది, పోయిన రోజుంటుంది, వాక్యముంటుంది. నేను అక్షరాలు నేర్చుకున్నాక మొట్టమొదట చదివింది మా ఆయన సమాధి. ఇరవై ఏళ్లు దాని ముందు మోకరించాను, అందులో ఏం రాసుందో అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి నా కంటికి రాసినదే గుర్తు. రాయనిది వట్టిదే. ఆ బండల మీద ఒక్క అక్షరం లేదు.

ట్రాక్టరు తెచ్చి గడ్డపారలతో పెకలించాం. వాళ్ల గుడిసెల వాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. ముసలామె నిలబడింది. కోడలు నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మా మేస్త్రికి ఒక్కడికి లేవకపోతే, ముసలామె చిన్నకొడుకు వచ్చి రెండో కొస పట్టుకుని ట్రాక్టరు మీదికి ఎక్కించాడు. తర్వాతది కూడా ఎక్కించాడు. ఎనిమిదీ ఎక్కించాడు. నేను, "శభాష్ బిడ్డా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

నడుమెత్తు బండ మెట్టుకు పొడవైంది. ఏం చేద్దామని మేస్త్రి అడిగితే, "పగలగొట్టు, రెండు చోట్లకు వస్తది" అన్నాను. సమ్మెటతో నాలుగు దెబ్బలు. ఒక ముక్క ఆరో ఇంటి ముందర వేశాం. ఇంకో ముక్కనూ, మిగిలిన రెండు బండల్నీ ఇళ్ల పక్కనున్న చేతిపంపు దగ్గర బట్టలు ఉతకడానికి పరిచాం. చిన్న రాయి నేను ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటాను, కూడబలుక్కుని, ఒక వార్తకు అరగంట. గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద ఆ రాయి పెట్టేదాన్ని.

ఇళ్లు పూర్తయ్యాయి. తాళాలిచ్చాం. మా గుడి ఆడవాళ్లం పాయసం వండి పంచాం. వాళ్లు తిన్నారు, దండం పెట్టారు, సామాన్లు తెచ్చి ఇళ్ల పక్కన చెట్ల కింద పెట్టుకున్నారు. లోపలికి మాత్రం పోలేదు.

ఒక రోజు, రెండు రోజులు. మంచి రోజు చూసుకుంటున్నారేమో అనుకున్నాం. ఎనిమిది రోజులైనా తలుపు తీయలేదు. చెట్ల కింద వండుకుంటున్నారు, చెట్ల కింద పడుకుంటున్నారు. మా ఊళ్లో గొణుగుడు మొదలైంది.

"అడవిల ఉన్నోళ్లకు ఇండ్లు కడితే గిట్లనే ఉంటది" అన్నాడు ట్రాక్టరాయన. "నా చెలక ఇచ్చిన, డీజిలు పోసిన. ఆడ మేకలు కట్టుకునుడు మంచిది."

"రేకులు వేడని ఉంటలేరేమో" అన్నాడు మేస్త్రి. "నేను ముందే చెప్పిన, స్లాబు ఎయ్యాలె అని."

నాకు మండింది. కోడలికి తొమ్మిదో నెల పడింది. సాయంత్రాలు పడమట మబ్బు కడుతోంది. గురువారం పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, వాళ్లను నాలుగు కడుగుదామని బయల్దేరాను. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూనే పోయాను. మీకోసం ఊరంతా మట్టి తొక్కింది, మీకింత పొగరేమిటి అని. నేనే తలుపు తీసి, వాళ్ల చాప లోపల విసిరేస్తే ఎట్లా రారో చూద్దామని గడప మీదికి అడుగు వేయబోయాను. అప్పుడే బస్సు హారన్ కొట్టింది.

కోడలు చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను ఒంటికాలి మీద నుంచి దిగి, మట్టిలో కూర్చున్నాను.

"మామ ఉన్నడంటే ఏందే" అన్నాను.

"మా కోయల్ల సచ్చిపోయినోళ్లకు రాయి నిలబెడ్తం పెద్దమ్మా. ఆడ ఊరు కాలినప్పుడు టైము లేకపాయె. పీనుగుల్నే తీయలే. ఈడికొచ్చి రెండు పంటలైనంక, వాగుల వెతికి ఒక్కొక్కరికి ఒక్కొక్క రాయి తెచ్చి పెట్టినం. వాళ్లను ఆ రాళ్లల్లకు రమ్మని పిలిచినం. వచ్చిండ్రు."

"అందరికీనా?"

"అవ్. అందరికి."

నేను మిగతా ఐదు గడపల వైపు చూశాను. చేతిపంపు వైపు చూశాను. పంపు కింద బండలకు సబ్బు నురగ అంటుకుని ఉంది. పొద్దున మా ఊరి ఆడవాళ్లెవరో ఉతుక్కుని పోయారు.

"మరి నోరు లేదా మీకు?" గట్టిగానే అడిగాను. నాకు భయమేస్తే గొంతు లేస్తుంది. "పెకలిస్తుంటే చూసుకుంట నిలబడ్డరు గదా. నీ మొగడు ఎత్తి ట్రాక్టర్ల పెట్టిండు గదా. ఇవి మావోళ్లని ఒక్క మాట అంటే నేను ముట్టుకుంటనా?"

ఆమె నేను అడిగింది అర్థం కానట్టు చూసింది.

"మీకు ఎరుకే అనుకున్నం" అంది. "ఇండ్లు ఇస్తుండ్రు గద. బదులుకు అవి అడుగుతుండ్రు అనుకున్నం."

నేను తల అడ్డంగా ఊపాను.

"ఆడ గూడ గట్లనే పెద్దమ్మా. ఒకలొస్తరు, బియ్యం అడుగుతరు. ఇంకొకలొస్తరు, మనిషిని అడుగుతరు. ఇస్తె బతుకనిస్తరు. మీరు మంచోళ్లు. రాళ్లే అడిగిండ్రు. మనిషిని అడగలే."

అంత మామూలుగా చెప్పింది. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నా మీద కోపం లేదు ఆమెకు. ఉంటే బాగుండేది. ఇన్నేళ్లుగా నేను వాళ్ల ముందు నిలబడి, రోజుకో మాట మాట్లాడి, నా చేత్తో పాయసం పెట్టి, వాళ్ల కంటికి ఎట్లా కనపడ్డానో ఆ పొద్దున తెలిసింది. ఇంకో రకం మనిషిగా కనపడలేదు. ఆ వచ్చి అడిగేవాళ్లలోనే కాస్త మంచిదానిగా కనపడ్డాను.

"ఇచ్చినం గని," అంది కోడలు, "మీద కాలేసి లోపలికి పోవస్తలేదు. అత్త పోనిస్తలేదు. నేను గూడ పోలేను. ఏం చెయ్యాల్నో తెల్వక కూసున్నం."

నేను లేచి ఊళ్లోకి పోయాను. ఎట్లా పోయానో గుర్తులేదు. ట్రాక్టరాయన వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. మేస్త్రి అప్పుడే సైకిలు తీస్తున్నాడు. మా తోడికోడలు పొయ్యి ముందర ఉంది. ముగ్గుర్నీ ఒక చోట నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను చూపించిన రాళ్లు అని కూడా చెప్పాను.

ట్రాక్టరాయన నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పే మనిషి, ఏమీ అనకుండా పోయి ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. మేస్త్రి మాత్రం అడిగాడు, చాలా మెల్లగా.

"అక్కా, ఆ పొడుగు బండ?"

"అది గూడ" అన్నాను.

ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ సమ్మెట పట్టిన చెయ్యి అది.

మొదటి ఇంటి దగ్గరికి పోయేసరికి ఆరిళ్లవాళ్లూ లేచి నిలబడ్డారు. గడ్డపారలు చూసి పిల్లలు తల్లుల వెనక్కి పోయారు. ఇళ్లు కూలగొట్టడానికి వచ్చామనుకున్నారేమో. మేస్త్రి చెప్పులు విప్పాడు. మేమూ విప్పాం. గడ్డపార వాడకుండా, చుట్టూ మట్టిని చేతులతో తవ్వి తీశాం. అట్లా తీయడానికి చాలాసేపు పట్టింది. చిన్నకొడుకు వచ్చి మాతో తవ్వాడు. అతని ముఖం అప్పుడూ అంతే, మాట లేదు. ఆ రోజు ట్రాక్టరు మీదికి ఎత్తింది తండ్రిని, అన్నను. అతను అప్పుడు ఏమనుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేదు. ఇప్పటికీ అడగలేదు.

బండలన్నీ బయటికి తీశాక నాకు ఇంకో భయం పట్టుకుంది. మట్టి అంటుకుని, సబ్బు అంటుకుని, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది. ముసలామె వాటి మధ్యకు వచ్చింది. ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి, మనిషి వీపు నిమిరినట్టు నిమిరి, వాళ్ల భాషలో ఒక్కో మాట అంటూ పోయింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఆమె పేరు చెప్పగానే ఆ ఇంటివాళ్లు వచ్చి ఆ బండ పక్కన కూర్చున్నారు.

రెండు ముక్కలైన బండ దగ్గర ఆగింది. రెండు ముక్కల్నీ దగ్గరికి జరపమని సైగ చేసింది. మేస్త్రి జరిపాడు. ఆమె ఆ పగులును వేలితో మెల్లగా తడిమింది. అది ఆమె పెద్దకొడుకు.

"అవ్వా, సిమెంటుతోని అతికిస్త" అన్నాడు మేస్త్రి. "తెల్లారేసరికి రాయి లెక్క అయితది. ఎవ్వరికి కనపడదు."

కోడలు ఆ మాట చెప్పింది. ముసలామె జవాబు చెప్పింది.

"సిమెంటు వద్దంట. గట్లనే కలిపి నిలబెట్టుమంటుంది. పడకుంట చుట్టు మట్టి గట్టిగ పెట్టుమంటుంది."

మద్దిచెట్టు కింద పాత గుంతలు ఇంకా పూడలేదు. ఒక్కొక్కదాన్నీ తీసుకుపోయి నిలబెట్టాం. మిట్టమధ్యాహ్నమైంది. ఎనిమిది నిలబెట్టాక ముసలామె వేళ్లు మడిచింది. మళ్లీ మొదటి నుంచి మడిచింది. కోడలి వైపు చూసింది. కోడలు నా వైపు చూడకుండా నేల చూసింది.

ఆ చూపుతో నాకు తెలిసింది.

అంతకుముందు ఆ పిల్ల నాలుగైదుసార్లు మా ఇంటికి వచ్చింది. మజ్జిగ కోసమో, ఉప్పు కోసమో. వచ్చినప్పుడల్లా వసారాలో నా పేపర్ల మీద ఉన్న ఆ చిన్న రాయిని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. పనిమంతురాలు, దుమ్ము ఉంటే ఊరుకోదు అనుకున్నాను. ఒకసారి, "అంత తుడిస్తే అరిగిపోతది పో" అని నవ్వాను కూడా. ఆమె కూడా నవ్వింది.

ఇంటికి ఎండలో పరుగెత్తాను. ఆ వయసులో నేను పరుగెత్తడం చూసి దారిలో ఎవరో, "ఏమైందే పెద్దమ్మా" అని అరిచారు. కాగితాలు గాలికి ఎగిరిపోతే పోయాయి. రాయిని చేత్తో తీయడానికి మనసొప్పలేదు. కొంగు పరిచి, ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులూ కింద పెట్టి తెచ్చాను. ఎంత బరువుందో ఆ రోజే తెలిసింది. అంతకు ముందు దాన్ని ఎన్నిసార్లు ఎత్తలేదు నేను.

కోడలు చెట్టు కింద నిలబడి ఉంది. ఆమె చేతుల్లో పెట్టాను. క్షమించమనే మాట నాకు కోయలో రాదు. తెలుగులో కూడా నోటికి రాలేదు.

"బిడ్డను తెచ్చి కాగితాల మీద పెట్టుకున్ననే" అన్నాను.

ఆమె రాయిని కడుపుకు ఆనించి పట్టుకుంది.

"నీ కాడ నీడల ఉండె గద పెద్దమ్మా" అంది. "తడవలే."

మా తోడికోడలు పక్కకు పోయి కూర్చుంది. ట్రాక్టరాయన ట్రాక్టరు వెనక్కి పోయాడు. నేను ఎక్కడికీ పోలేకపోయాను.

ఆ చిన్న రాయిని కూడా నిలబెట్టాక నాకు ఒక ఆలోచన వచ్చింది. నాకొచ్చే ఆలోచనలన్నీ అట్లాంటివే. ఇంట్లో ఎర్ర రంగు డబ్బా ఉంది. నాకు అక్షరాలు వచ్చు. ప్రతి రాయి మీదా పేరు రాస్తాను, ఇంకెవరూ నాలాగా పొరపడరు అన్నాను. కోడలు ఆ మాట చెప్పగానే కూర్చున్నవాళ్లందరూ ఒక్కసారి లేచారు. చిన్నకొడుకు మొదటిసారి నోరు విప్పాడు. రెండే మాటలు.

"వద్దంటుండు" అంది కోడలు. "ఆడ పేర్లు కాయితం మీద రాసుకున్నంకనే వచ్చిండ్రు. ఇంటింటికి పేరు పెట్టి పిలిచిండ్రు. పలికినోళ్లు పోయిండ్రు. పేరు రాయొద్దు పెద్దమ్మా. మాకు ఎరుకే గద ఎవలెవలో."

యాభై నాలుగేళ్లకు అక్షరం నేర్చుకుని, అది లేని బతుకు చీకటి అని నేను ఎందరికి చెప్పానో లెక్కలేదు. ఆ చెట్టు కింద మాత్రం నోరు మూసుకున్నాను. రంగు డబ్బా ఇంట్లోనే ఉంది. మూత తీయలేదు.

మేస్త్రి ఆ సాయంత్రం ఎండిపోయిన తాటిమొద్దును ఆరు ముక్కలుగా కోయించి, ఆరు గడపల ముందూ పాతాడు. పొద్దుగూకే ముందు ముసలామె మొదటి ఇంటి తలుపు తీసింది. కోడలి చెయ్యి పట్టుకుని మొద్దు మీద కాలు పెట్టించి లోపలికి తీసుకుపోయింది. పదకొండో రోజు తొలకరి పడింది. పదమూడో రోజు ఆ ఇంట్లో, రేకుల మీద వాన మోగుతుండగా, మగపిల్లవాడు పుట్టాడు. చూడటానికి పోయినప్పుడు ఆ ఇంట్లో ఒక మూల కూడా తడి లేదు. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ ఆ ఇల్లు చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది, "మనిషిని అడగలే" అన్న మాటే.

వాళ్లు వద్దన్నారు కాబట్టి ఇందులో ఎవరి పేరూ రాయను. కానీ ఆ గురువారం నల్లమద్ది చెట్టు కింద ఎవరెవరున్నారో చెప్పకపోతే మళ్లీ తప్పు చేసినదాన్నవుతాను.

మా ఊరి నుంచి నేను. మా తోడికోడలు. చెలక ఇచ్చిన ట్రాక్టరాయన. ఇల్లరికపు తాపీ మేస్త్రి. వాళ్లలో ముసలామె, ఆమె చిన్నకొడుకు, కోడలు, కోడలి కడుపులో ఉన్నవాడు. మిగతా ఐదిళ్ల వాళ్లు, పిల్లలతో సహా. ముసలామె భర్త, మొదటి ఇంటి ముందర మేము మెట్టు చేసినాయన. మూడో ఇంటివాళ్ల అక్కాచెల్లెళ్లు ఇద్దరు, పక్కపక్కనే. నాలుగో ఇంటాయన తండ్రి. ఐదో ఇంటామె భర్త. వాళ్ల ఊరి పూజారి, చేతిపంపు దగ్గర సబ్బు అంటినాయన. ఆ పక్కనే, పారిపోయే దారిలో వీళ్లతో కలిసి రెండు రోజులు నడిచి మూడో రోజు లేవని ఒకామె. ఆమెది ఏ ఊరో, పేరేమిటో వీళ్లకు కూడా తెలియదు, అయినా ఒక రాయి పెట్టారు. ముసలామె పెద్దకొడుకు, నా మాట మీద రెండు ముక్కలైనవాడు. వాగు గట్టు దాటని ఆడపిల్ల, కొన్నాళ్లు మా వసారాలో నీడన ఉన్నది.